ఆపత్కాలమందలి దూరసమావేశములు

2020 ఏప్రిల్ 8వ తేదీ చైత్ర పౌర్ణమి. మల్యాల మండలములో ముత్యంపేట కడనున్న కొండగట్టున చిన్న హనుమజ్జయంతినాడు మాలవిరమణకై కాలినడకన వచ్చు దీక్షాపరులతో ఏటేట కాలు మోప చోటుండని త్రోవలు ఆనాడు లాక్‌డౌను కారణమున నిర్మానుష్యములై యుండెను. సరిగా ఆనాడే ఢిల్లీలో కంపెనీ వ్యవహారముల మంత్రిత్వశాఖవా రొక సర్క్యులరు వెలువరించి, కంపెనీలు తమ వాటాదారుల అసాధారణ సర్వసభ్యసమావేశములను వీడియో మూలమున జరుపుకొనవచ్చునని అనుమతించిరి. ఆ అనుమతి అలవోకగా నిచ్చినది కాదు. సమావేశారంభమునకు 15 నిమిషములు ముందుగానే చేరుటకు వీలు కల్పింపవలెననియు, పెద్ద కంపెనీలయినచో కనీసము 1000 మంది వాటాదారులు పాల్గొనుటకు సరిపడు సాధనసంపత్తి యుండవలెననియు, సభ్యులు ప్రశ్నలడుగుటకు ఉభయముఖమైన యేర్పాటు చేయవలెననియు, జరిగినదానినంతటిని రికార్డు చేసి భద్రపఱుపవలెననియు అందు వివరముగా వ్రాసిరి. ఒక వాటా కొన్నవాని మాట యెక్కడ వినబడక పోవునో యని ఇంత జాగ్రత్త వహించిన రాజ్యాంగయంత్రము, ఓటరుల జాబితాలో పేరున్న కారణమున గ్రామసభకు సహజసభ్యుడైన రైతు మాట ఆ విపత్కాలమున నేమగునో యని అంత జాగ్రత్తతో ఆలోచించిన జాడ కనబడదు.

ఆపత్సమయముల యందు ప్రభుత్వసంస్థలు దూరమునుండి సమావేశమగుట యుక్తమా, అయినచో నే మేరకు, ఏ నిబంధనలకు లోబడి యను ప్రశ్న కరోనాతో పుట్టి కరోనాతో గిట్టినదని తలచువారు కలరు. నాకట్లు తోచదు. ఆ రెండు సంవత్సరములలో మన జిల్లాలలో జరిగినదానిని నిదానముగా పరిశీలించినచో, దూరసమావేశము మనకు లభింపకపోలేదనియు, పైనుండి క్రిందికి ఆజ్ఞలు దిగుటకు పుష్కలముగా లభించి, క్రిందినుండి పైకి మనవులెక్కుటకు మాత్రమే లభింపలేదనియు తేలును. ఈ వ్యాసమున చెప్పదలచిన దంతయు ఈ యొక్క విషయము చుట్టే తిరుగును.

ముందుగా ఒకటి గుర్తింపవలెను: ఆపత్తు లన్నియు నొక్క జాతివి కావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు విద్యుత్తు పోయినది, ఫోన్లు మూగవోయినవి. నాటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు విశాఖకు తరలివచ్చి బస్సునే కార్యాలయముగా చేసికొని దినముల తరబడి అక్కడనే మకాము వేయవలసివచ్చినది. వీడియో కాన్ఫరెన్సులకు దేశములోనే పేరువడిన ముఖ్యమంత్రి యాయన. ఆయనకే తీగ తెగినచోట కాలితో వెళ్ళుట తప్పలేదు. 2018 సెప్టెంబరు 11న మన కొండగట్టు ఘాట్ రోడ్డున ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిననాడు కావలసినవి చేతులు, అంబులెన్సులు, రక్తము. ఆనాటి కర్తవ్యము ఏ తెరమీదను తీఱునది కాదు. వరదలలో ఈ రెండు లక్షణములును కలసియుండును. 2022 జూలైలో భద్రాచలము కడ గోదావరి 71 అడుగులు దాటినప్పుడు టెలీకాన్ఫరెన్సులును జరుగవలసియుండెను, పునరావాస కేంద్రములలో అధికారి స్వయముగా నిలువవలసియు నుండెను. తీగలు చెక్కుచెదరకయుండి, మనుష్యుడు మనుష్యుని చేరుటయే ప్రమాదకరమైన ఆపత్తు అంటువ్యాధి యొక్కటే. కాబట్టి దూరసభ యను సాధనము సర్వాపన్నివారకమని చెప్పువారి మాటను నమ్మరాదు. అంటువ్యాధివేళ దాని ప్రయోజనమును కాదనువారి మాటయు నట్టిదే.

దూరమునుండి పాలించుట మనకు క్రొత్త కాదు. నిజాము పాలనలో తాలూక్‌దారు దౌరాకు బయలుదేరి, గ్రామము పొలిమేరలో డేరాలు దిగి, జమాబందీ జరిపి, రైతుల మొరలు వినెడివాడు; న్యాయమో అన్యాయమో, విను చెవి ఊరికి వచ్చుచుండెను. 1905లో ఎలగందుల స్థానమున కరీంనగరు జిల్లాకేంద్రమైన పిమ్మటను, స్వాతంత్ర్యానంతరమును ఈ దౌరా సంప్రదాయము ఏదో రూపమున నిలిచినది. పిదప తంతి, టెలిఫోను, వైర్‌లెస్ సెట్టు వచ్చినవి. 1976లో నెలకొల్పబడిన నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటరు 1980ల చివరకు ఉపగ్రహముద్వారా జిల్లాకేంద్రములను కలిపినది. 1990ల చివర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయమును జిల్లాకేంద్రములను కలుపు తీగలజాలము ఏర్పడి, ముఖ్యమంత్రి హైదరాబాదున కూర్చుండి కలెక్టరులందఱితో ముఖాముఖి మాటలాడు పద్ధతి స్థిరపడినది. 2016 అక్టోబరు 11న తెలంగాణ జిల్లాలు 10 నుండి 31 అయినప్పుడు మల్యాల కరీంనగరు నుండి విడివడి జగిత్యాల జిల్లాలో చేరినది. కలెక్టరు దగ్గఱ కాగానే తెరమీది సమీక్షలు తగ్గునని అమాయకులు తలచియుందురు. తెర జిల్లాకేంద్రమును దాటి మండలమున కెక్కినది. "సారు వీసీల ఉన్నడు, రేపు రా" అను మాట తహశీలు గుమ్మము కడ నిలిచిన రైతు చెవికి కరోనాకు ముందే అలవడినది.

ఆ వీసీ (వీడియో కాన్ఫరెన్సు) యను క్రతువును ఒకపరి దగ్గఱనుండి చూడవలెను. మండల కార్యాలయములో నొక గది. గోడకు టీవీ, దానిపైన చిన్న కెమెరా. తహశీల్దారు, ఎంపీడీవో, వ్యవసాయాధికారి, వైద్యాధికారి వరుసగా కూర్చుందురు; ముందర అంకెల పట్టికలు. జిల్లానుండి మండలముల పేర్లొకటొకటిగా పిలువబడును. "మల్యాల, చెప్పండి" అనగానే ఒకరు లేచి శాతములు చదువుదురు. నడుమ "మీ మాట వినబడటం లేదు, అన్‌మ్యూట్ చేయండి" అని తెరలోనుండి కేక వినబడును. నిమిషమైన పిదప "సరే, పెంచాలి" అని తీర్పు వెలువడి, పిలుపు తరువాతి మండలమునకు పోవును. అడుగువారి కొకటే ప్రశ్న: పని ఎంతవఱకు వచ్చినది? చెప్పువారికి ఎదురుప్రశ్న వేయు హక్కు లేదు, వేయుటకు వ్యవధియు లేదు. అది సమీక్ష, దానిని నిందించుట నా యుద్దేశము కాదు. ఆపత్కాలమున ఆజ్ఞ శీఘ్రముగా దిగవలెను, దిగినదో లేదో వెంటనే తెలియవలెను. దానినే సభ యని భ్రమించినప్పుడే చిక్కు వచ్చును.

2020 మార్చి మధ్యమున కరీంనగరుకు వచ్చిన ఇండోనేషియా మతప్రచారకులకు వ్యాధి యున్నట్లు బయటపడి, రాష్ట్రమంతయు నీ ప్రాంతమువైపు చూచిన దినములవి. మార్చి 22న జనతా కర్ఫ్యూ, వెంటనే లాక్‌డౌను. ఊళ్లవారు తమంతట తామే పొలిమేరలలో ముండ్లకంపలు అడ్డముంచిరి. సిరిసిల్లలో సాంచెలు నిలిచిపోయినవి. గల్ఫునుండి వచ్చినవారి యిండ్లు లెక్క వ్రాసికొనబడినవి. ప్రభుత్వము తెల్లకార్డు గల వారికి తలకు 12 కిలోల బియ్యము, కుటుంబమునకు 1500 రూపాయలు ప్రకటించినది. యాసంగి వరి కోతకు వచ్చినది గనుక ఊరూర కొనుగోలు కేంద్రములు తెరచి, గుంపులు కూడకుండ టోకెన్లిచ్చి ధాన్యము కొనవలసివచ్చినది. ఈ పనులలో ఒక్కొక్కదాని వెనుక ఊరికి సంబంధించిన నిర్ణయము కలదు. కేంద్రము ఏ స్థలమున పెట్టుట, టోకెన్లలో ముందెవరు వెనుకెవరు, కార్డు లేని వలసకూలీని ఏ లెక్కలో చేర్చుట, బొంబాయినుండియు దుబాయినుండియు వచ్చినవానిని ఎక్కడ ఉంచుట — ఇవి యన్నియు సాధారణకాలమున పంచాయతిలో వాదులాడి తేల్చుకొను విషయములే. ఆ దినములలో వీటిని సర్పంచులు, కార్యదర్శులు, ఆశా కార్యకర్తలు ఫోనుమీద వచ్చిన ఆదేశములను తమ తెలివితో సరిపెట్టుకొని నెఱవేర్చిరి. చాలవఱకు చక్కగనే నెఱవేర్చిరనుట న్యాయము. చక్కగా జరుగనిచోట అడుగు స్థలము మాత్రము మూతపడి యుండెను.

తెలంగాణ పంచాయతిరాజ్ చట్టము, 2018 ప్రకారము గ్రామపంచాయతి నెలకొకసారి సమావేశము కావలెను; గ్రామసభ రెండునెలలకు ఒకసారియైనను జరుగవలెను; ఓటరుల సంఖ్యను బట్టి దానికి కోరము కలదు. రాజ్యాంగములోని 243వ అధికరణము గ్రామసభ యనగా నెవరో స్పష్టముగా చెప్పుచున్నది: ఆ ఊరి ఓటరుల జాబితాలో నమోదైన ప్రతి వ్యక్తియు. ఎన్నికైనవారు కొందఱు కలిసి మాటలాడుకొను సభలు మనకు చాల కలవు. ప్రతినిధి యవసరము లేకుండ పౌరుడు తానే సభ్యుడగునది యిదొక్కటే. దాని పద్ధతియు నట్టిదే. డప్పుతో చాటింపు వేయుదురు. పంచాయతి గద్దె ముందో బడి యావరణములోనో షామియానా వేయుదురు. కార్యదర్శి జమాఖర్చులు చదువుచుండగా వెనుకనుండి ఎవరో "ఆ మోరీ పైసలెటు పోయినయి" అని యడుగుదురు. పెద్దలు సర్దిచెప్పబోవుదురు, అడిగినవాడు ఆగడు. తుదకు తీర్మానము పుస్తకమున కెక్కును, దాని క్రింద సంతకములు, సంతకము రానివారి వేలిముద్రలు పడును. ఆ వేలిముద్రలోని సిరామరకయే మన ప్రజాస్వామ్యమునకు మిక్కిలి క్రింది మెట్టున నున్న సాక్ష్యము. చట్టము ఈ సమావేశమును ఊహించినదే ఒక స్థలమున గూడిన జనముగా. కూడరాని కాలము వచ్చినచో నేమి చేయవలెనను నూహ ఆ పద్ధతిలో లేదు. కనుక లాక్‌డౌను వచ్చినప్పుడు మిగిలిన మార్గము ఆపివేయుటయే యయ్యెను. సోమవారమునాడు కలెక్టరేటులో జరుగు ప్రజావాణియు నట్లే నిలిచినది. వీసీలు మాత్రము నిలువలేదు, రెట్టింపైనవి.

పంచాయతిరాజ్ దినమైన 2020 ఏప్రిల్ 24న ప్రధానమంత్రి దేశమునందలి సర్పంచులతో వీడియోమీద మాటలాడి, ఈ-గ్రామస్వరాజ్ అను పోర్టలును, గ్రామములలోని ఇండ్లస్థలములను డ్రోనులతో కొలిచి పత్రములిచ్చు స్వామిత్వ పథకమును ప్రారంభించిరి. 73వ రాజ్యాంగ సవరణ అమలులోనికి వచ్చిన దినము గనుక సందర్భము శుభమైనదే. కాని కొందఱు సర్పంచులు మాటలాడిరి, తక్కినవారు వినిరి. ఏడాది గడచిన పిదప, రెండవ విజృంభణలో, ముఖ్యమంత్రులకు సైతము ఈ యనుభవము తప్పలేదు. 2021 మే 20న ప్రధాని జిల్లా కలెక్టరులతో జరిపిన సమావేశమునకు పిలువబడిన ముఖ్యమంత్రులకు నోరు మెదపు అవకాశమే ఈయలేదనియు, తమ్ము బొమ్మలవలె కూర్చుండబెట్టిరనియు మమతా బెనర్జీ బహిరంగముగా ఆక్షేపించిరి. అంతకు రెండువారముల ముందే ఝార్ఖండ్ ముఖ్యమంత్రి హేమంత్ సోరెన్, ప్రధాని ఫోనులో తన మనసులోని మాట మాత్రమే చెప్పి తమ మాట వినలేదని వ్రాయగా, కష్టకాలమున రాజకీయములు వలదని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి ఆయనను మందలించిరి. ఏప్రిల్ 23న ఢిల్లీ ముఖ్యమంత్రి కేజ్రీవాల్ తాను సమావేశములో మాటలాడిన దానిని ప్రత్యక్షప్రసారము చేయుట మర్యాదాతిక్రమణమని ప్రధాని అక్కడికక్కడే తప్పుబట్టుటయు, ఆయన క్షమాపణ చెప్పుటయు జరిగినది. ఎవరి పక్షము న్యాయమో తేల్చుట నా పని కాదు. ఇంతటి పెద్దలలోనే, ఎవరు మాటలాడవచ్చును, ఎంతసేపు, అది జనులకు వినబడవచ్చునా కాదా యను మూడు ప్రశ్నలకు ముందుగా వ్రాసిన నియమము లేదు. ఇక మల్యాల వార్డుమెంబరు సంగతి చెప్పనేల?

శాసనసభల కథ వేఱు. రెండు సమావేశముల నడుమ ఆఱునెలలు మించరాదని రాజ్యాంగపు 174వ అధికరణము చెప్పుచున్నందున, అంటువ్యాధి యున్నను లేకున్నను అవి కూడక తప్పలేదు. 2020 మార్చి 16న బడ్జెటు సమావేశములను కుదించుకొన్న తెలంగాణ శాసనసభ సెప్టెంబరు 7న కుర్చీల నడుమ ఎడము పెట్టుకొని మరల కూడినది. ఆ కొద్దిదినములలోనే వీఆర్వో వ్యవస్థను రద్దుచేసి, పట్టాదారు పాసుపుస్తకముల చట్టమును మార్చినది. ఊళ్లలోని ప్రతి కమతమును తాకు నిర్ణయములు. వాటిని గూర్చి ఊరు తనలో తాను సభ దీరి మాటలాడుకొను పరిస్థితి అప్పటికి సరిగా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జూన్ 16న గవర్నరు బిశ్వభూషణ్ హరిచందన్ రాజభవనమునుండియే వీడియో ద్వారా ఉభయసభల నుద్దేశించి ప్రసంగించిరి. ఒక్కరు చదువగా తక్కినవారు వినుట గనుక అందు వివాదమునకు తావు లేకపోయినది. వివాదము స్థాయీసంఘముల విషయమున వచ్చినది. పార్లమెంటరీ సంఘములు వీడియో ద్వారా కూడవచ్చునా యని పలువురు అధ్యక్షులు కోరగా, సంఘముల చర్చలు రహస్యముగా నుండవలెనను నియమము అడ్డువచ్చుచున్నదని, రాజ్యసభాధ్యక్షులు ముప్పవరపు వెంకయ్యనాయుడును లోక్‌సభ స్పీకరు ఓం బిర్లాయును దానిని నియమావళి సంఘములకు విడిచిరి. అనుమతి రాలేదు. సెప్టెంబరు 14న పార్లమెంటు పూటల లెక్కన కూడి, ప్రశ్నోత్తరముల సమయమును వదలుకొని, 23న ముగిసినది. ఆ శీతకాల సమావేశము అసలే లేదు. తెరచాటు రహస్యభంగమునకు జంకి సంఘములను మూయుట, ప్రాణభయమునకు ప్రశ్నలను మానుట — రెండింటివలనను లాభపడినది జవాబు చెప్పవలసినవారే.

న్యాయస్థానములు ఇంతకంటె సూక్ష్మముగా ఆలోచించినవని చెప్పక తప్పదు. 2020 ఏప్రిల్ 6న ప్రధాన న్యాయమూర్తి బోబ్డే, న్యాయమూర్తులు చంద్రచూడ్, మన తెలుగువారైన లావు నాగేశ్వరరావు గల ధర్మాసనము 142వ అధికరణము క్రింద ఉత్తరువు నిచ్చుచు, వాదనలు వినుటకు వీడియోను వాడవచ్చునని చెప్పి, సాక్ష్యము నమోదు చేయుటకు మాత్రము ఉభయపక్షముల సమ్మతి యుండవలెనని ఆంక్ష పెట్టినది. సాధనములు లేని కక్షిదారులకు కోర్టులే వాటిని సమకూర్పవలెనని యాదేశించినది. వాదన యొకటి, సాక్ష్య మొకటి. మొదటిది దూరమునుండి సాగినను రెండవదానికి ఎదుట మనిషి ముఖము కావలెనను వివేక మిందు కలదు. సభావిషయమునను ఈ విభజన చేసికొనవలసియుండెను. జమాఖర్చులు చదువుటకు తెర చాలును, "ఆ పనికి నేను పోలేదు, నా పేరెట్ల పడ్డది?" అని ఉపాధిహామీ కూలీ యడుగుటకు తెర చాలదు.

పరదేశముల సంగతి సంక్షేపముగా చూతము. బ్రెజిల్ సెనేటు 2020 మార్చి 20నాటికే దూరమునుండి ఓటు వేసినది. బ్రిటనులో ఏప్రిల్ 4నుండి స్థానికసభలు దూరమున కూడుటకు ప్రత్యేక నిబంధనలు వచ్చినవి. అవి 2021 మే 7కు ముందటి సమావేశములకే వర్తించునని ముందే వ్రాసికొన్నందున ఆ నెలలో గడువు తీఱినది, ఆ పిమ్మటను దూరమున కూడుటకు చట్టమున వీలున్నదని తేల్పుమని కోరిన వ్యాజ్యమున 1972నాటి చట్టములోని సమావేశ మనగా ఒక స్థలమున కూడుటయే యని హైకోర్టు తేల్చినది. ఆ నడుమ హాండ్‌ఫర్త్ అను చిన్న ఊరి పరిషత్తు 2020 డిసెంబరున జూములో కూడినప్పుడు, సమావేశమును నడుపుటకు వచ్చిన జాకీ వీవర్ అను ఆమె అధ్యక్షునే మీట నొక్కి బయటికి పంపుటయు, ఆమెకు ఆ యధికారము లేదని తక్కినవారు అఱచుటయు వీడియోగా లోకమంతయు చుట్టివచ్చినది. లోకము నవ్వినది గాని, నవ్వు వెనుక నున్న చిక్కు మన పంచాయతులకును వర్తించునదే: మ్యూట్ మీట ఎవరి చేతిలో నుండవలెను? సర్పంచి చేతిలోనా, ప్రభుత్వోద్యోగియైన కార్యదర్శి చేతిలోనా? తెలుగువా రనేకులు నివసించు కాలిఫోర్నియాలో 2020 మార్చి 17న గవర్నరు ఉత్తరువుతో బహిరంగ సమావేశముల చట్టమును సడలించి, మఱుసటి ఏడాది దానిని శాసనముగా మార్చునపుడు, ఆపత్స్థితి యింకను కొనసాగుచున్నదని 30 దినములకొకసారి ఆ సభయే తీర్మానించుకొనిననే సడలింపు నిలుచునని కట్టడి పెట్టిరి. ఈ కట్టడి నాకు మిక్కిలి నచ్చినది.

హైదరాబాదునకు వత్తము. 2021 జూన్ చివర జీహెచ్ఎంసీ పాలకమండలి సమావేశమును ఆన్‌లైనులో జరిపిరి. ప్రత్యక్షముగా జరుపవలెనని ప్రతిపక్ష కార్పొరేటరులు పట్టుబట్టిరి. ప్రతిపక్షములకు తెరయనిన గిట్టకపోవుటకు హేతువు కలదు: సభామధ్యమునకు దూసికొనిపోవుట, ప్లకార్డు చూపుట, లేచి బయటికి నడచుట — ఇవి తెరమీద అర్థము కోల్పోవును. తెరలోనుండి వాకౌటు చేసినవానికిని నెట్టు తెగిపోయినవానికిని భేదమేమి?

ఇక మన ఊళ్లలో దూరసభకు గల ప్రత్యేకమైన కష్టములు చూడవలెను. సిగ్నలు లేదని, అందఱికి స్మార్టుఫోను లేదని చెప్పుట సులభము. ఆ లోపము ఏటేట తగ్గుచున్నది. నాకు తోచు పెద్ద కష్టము వేఱు. తెలంగాణ స్థానికసంస్థలలో సగము స్థానములు స్త్రీలవి. ప్రత్యక్షసభలోనే సర్పంచి పక్కన ఆమె భర్త కూర్చుండి మాటలాడు దురాచార మింకను పోలేదు. అక్కడనైన నలుగురు చూతురు, ఎప్పుడో ఒక అధికారి "అమ్మా, మీరు చెప్పండి" అనును. ఫోనుమీది సమావేశములో కెమెరా ఆపి పేరు మాత్రము కనబడుచుండగా ఆ పేరు వెనుక ఎవరి గొంతున్నదో తెలిసికొనుట ఎట్లు? ఇంటి నాలుగుగోడల నడుమ ఆమెకు సాక్షి ఎవరు? దూరసభ స్త్రీల రాకపోకల శ్రమను తగ్గించునన్న వాదము నిజమే. అది ఆమెను మరల ఇంటిలోనికే నెట్టునన్న భయమును నిజమే.

దూరసభ వలన కలుగు లాభములను కూడ తక్కువగా చూడరాదు. మల్యాల చొప్పదండి శాసనసభా నియోజకవర్గములోనిది. ఆ నియోజకవర్గపు మండలములలో మల్యాల, కొడిమ్యాల జగిత్యాల జిల్లావి, బోయినిపల్లి రాజన్న సిరిసిల్ల జిల్లాది, తక్కినవి కరీంనగరువి. ఒక్క శాసనసభ్యుడు మూడు జిల్లాపరిషత్తులకు జవాబుదారి. కరోనా లేని కాలమునను ఆయనకు తెర యుపకారమే చేయును. ఇంకొక వింత ఆలోచన. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో గల్ఫు పోని మనిషి లేని వాడ యరుదు. దూరమునుండి సంసారము నడుపుట నేర్చినవారు మనవారే. పిల్లల చదువులు, పొలము కౌలు, చెల్లెలి పెండ్లి దుబాయినుండియు మస్కట్టునుండియు ఐఎంఓ కాలుమీద నిర్ణయించినవారు. జాబితాలో పేరున్న ఓటరుగా అట్టివాడు గ్రామసభలో సభ్యుడే కదా! ఊరిలో కొత్త నీళ్ళట్యాంకు ఎచ్చట కట్టవలెనని షార్జా లేబరుక్యాంపునుండి ఒకడు లేచి అడిగినచో, మన పెద్దలు ఏమని త్రోసిపుచ్చెదరో చూడవలెనని నాకొక కుతూహలము.

సభలను ఆపత్తు పేర ఆపుట యీ నేలకు క్రొత్త కాదను విషయమును మఱువరాదు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగిన పిదప, అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతములుగా ప్రకటింపబడినవి. నలుగురు కూడి మాటలాడుటయే అనుమానాస్పదమైన కాలమది. అంటువ్యాధిని దానితో సమానము చేయుట అన్యాయము. అప్పుడు ఆపినవాని యుద్దేశము వేఱు, ఇప్పుడు ఆపినవాని యుద్దేశము వేఱు. అయినను కూడరాదను ఉత్తరువు ఏ మంచి కారణమున వచ్చినను, ఎన్నాళ్ళు, ఎవరు ఎత్తివేయవలెను, అంతదనుక జనుల మాట కేది ద్వారము అని వ్రాసి యుండని యెడల, అలవాటు కారణమును మించి బ్రతుకునని ఇచ్చటివారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. 2024 ఫిబ్రవరిలో పంచాయతుల గడువు ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చినప్పుడు, ఆపత్తేమియు లేకయే ఊళ్లు ఎన్నికైన సభలు లేక చాలకాలము గడిపినవి గదా.

నా యభిప్రాయము స్పష్టముగా చెప్పుదును. మండలపరిషత్తు, జిల్లాపరిషత్తు వంటి ప్రతినిధిసభలు, విపత్తు నిర్వహణచట్టము, 2005 క్రింద కూడరాదని ఉత్తరువులు వెలువడిన కాలమున, దూరమునుండి కూడుటకు పంచాయతిరాజ్ చట్టముననే వీలు వ్రాయవలెను: ప్రతి సభ్యుని ముఖము కనబడవలెను, పేరు పిలిచి ఓటడుగవలెను, ఎవరైనను చూచుటకు లంకె ముందురోజే ప్రకటింపవలెను, 30 దినములకొకసారి ఆ సడలింపును సభయే మరల తీర్మానింపవలెను. ఆ 2005నాటి చట్టమే జిల్లా విపత్తు నిర్వహణసంస్థకు కలెక్టరును అధ్యక్షునిగను, జిల్లాపరిషత్ అధ్యక్షుని సహాధ్యక్షునిగను నియమించినది. ఎన్నికైనవారి స్థానము చట్టములో నున్నది, తెరమీద కనబడవలెను. గ్రామసభను మాత్రము ఫోనులలోనికి మార్చరాదు. అది వార్డులవారీగా, ఆరుబయట, చిన్న గుంపులుగా, ఒకే దినమున పూటకొకటిగా జరుగవచ్చును; కోరమును ఆ గుంపులన్నింటి మొత్తముగా లెక్కింపవచ్చును.

సాధనములు లేవను మాట యిప్పుడు చెల్లదు. 2020నుండి రాష్ట్రమంతట కట్టిన రైతువేదికలు రెండువేల ఆఱువందల పైచిలుకు కలవు. 2024 మార్చి 6న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి రైతునేస్తము పేర తొలివిడతగా 110 వేదికలలో వీడియో కాన్ఫరెన్సు ఏర్పాటును ప్రారంభించిరి. శాస్త్రవేత్తలు చెప్పగా రైతులు వినుటకు, సందేహము లడుగుటకు. పది ఊళ్లకు దగ్గఱలో గోడలు, కుర్చీలు, తెర, కరెంటు ఉన్న సభాస్థలము దొరికినది. అంటువ్యాధి వచ్చిననాడు మండలపరిషత్తు సభ్యుడు ఇంటిలో ఫోను పట్టుకొని కూర్చుండక, తన దగ్గఱి రైతువేదికకు వచ్చి, పదిమంది ఊరివారు దూరదూరముగా కూర్చుండి చూచుచుండగా, అక్కడి తెరమీదనుండి మాటలాడినచో, మహిళాసభ్యురాలి మాటకు సాక్షులుందురు, ఫోను లేనివానికి తెర దొరకును, అధికారి జవాబు పదిమంది చెవిన పడును. కావలసినది చట్టములో నాలుగు వాక్యములు.

ఆ నాలుగు వాక్యములు హైదరాబాదున తమంతట తాము పుట్టవు. ఈ వ్యాసము చదివిన మల్యాలవారు గాని, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల వారు గాని, తమ ఊరి రాబోవు గ్రామసభలో లేచి, ఆపత్కాలమున సభ ఎట్లు జరుగవలెనో చట్టమున వ్రాయవలెనని యొక తీర్మానము ప్రతిపాదించి, దానిని మినిట్సు పుస్తకమున కెక్కించి, నకలు శాసనసభ్యునికిని జిల్లా పంచాయతి అధికారికిని పంపవలెనని కోరుచున్నాను.